డిస్క్‌లో చౌడు తేలిందా?

“కంప్యూటర్ బాగుచేసి ఇచ్చారక్కా! కానీ ఫొటోలు తెరిస్తే పై సగమే కనిపిస్తోంది. కింది సగమంతా బూడిదరంగు...”

ఈ మాట ఇప్పటికి ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. 1996లో ఇంటి ముందుగదిలో డీటీపీ పని మొదలుపెట్టినప్పటి నుంచీ నాకు ఈ యంత్రాలతోనే కాలక్షేపం. గుంటూరులో మా వీధీ, పక్క వీధీ ఆడవాళ్లంతా కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా ముందు నా గుమ్మమే తొక్కుతారు. వైరస్ పట్టిందనీ, కరెంటు పోయి మళ్లీ లేవడం లేదనీ రకరకాల ఫిర్యాదులు. అన్నిటిలోకీ నాకు మనసు చివుక్కుమనిపించేది మాత్రం పైన చెప్పిన మాటే. ఎందుకంటారా? ఆ కంప్యూటర్‌ను బాగుచేసిన కుర్రాడు అబద్ధమాడలేదు. తన పని తను చేశాడు. డిస్క్‌లో పాడైన చోటు కనిపెట్టి, దాని చుట్టూ గిరి గీసి, ఇక అటు ఎవరూ వెళ్లకుండా చేశాడు. గిరి గీసే ముందు అక్కడున్న ఫొటో సంగతేమిటని మాత్రం అతనూ అడగలేదు, ఈవిడా చెప్పలేదు.

ఇప్పుడందరి చేతుల్లోనూ ఫోన్లే కదా, ఇంకా ఈ డిస్కుల గొడవ ఎవరికమ్మా అంటారేమో! ఫోన్ నిండిపోయినప్పుడల్లా ఫొటోలన్నీ తీసుకెళ్లి ఎక్కడ పోస్తున్నారు? మూలనున్న పాత కంప్యూటర్‌లోనో, బీరువాలో నగల పెట్టె పక్కన పెట్టుకున్న నల్లటి పోర్టబుల్ హార్డ్‌డిస్క్‌లోనో కదూ! పిల్లల అన్నప్రాశన నుంచి అత్తగారి సంవత్సరీకం దాకా అందులోనే ఉంటాయి. పైగా ఒక్కచోటే ఉంటాయి.

పొలం, మడులు, అడంగల్

హార్డ్‌డిస్క్ లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్లేలుంటాయి. నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో గిర్రున తిరుగుతుంటాయి. వాటి మీద అయస్కాంతపు పూత. ఆ పూతనంతా చిన్న చిన్న మడులుగా విభజించి సమాచారం రాస్తారు. ఒక్కో మడి పేరు సెక్టారు. చాలాకాలం ఒక్కో సెక్టారులో 512 బైట్లు పట్టేవి. అంటే ఇంగ్లీషులో టైపు చేస్తే 512 అక్షరాలన్నమాట. ఇప్పటి డిస్కుల్లో 4096 పడతాయి. 1 టెరాబైటు డిస్క్‌ను పాత లెక్కన కొలిస్తే దాదాపు 195 కోట్ల మడులు! అరచేతిలో పట్టే డబ్బాలో ఇంత సాగు జరుగుతోందంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

మీ పెళ్లి ఫొటో ఒక్క మడిలో ఇమడదు. 4 మెగాబైట్ల ఫొటో అయితే ఎనిమిది వేల మడుల దాకా ఆక్రమిస్తుంది. అవన్నీ పక్కపక్కనే ఉండాలని కూడా లేదు. ఇక్కడ కొన్ని, అక్కడ కొన్ని. మరి ఏ మడి ఎవరిదో, ఏది ఖాళీగా ఉందో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? దానికో లెక్కల పుస్తకం ఉంది. మన ఊళ్లలో ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో రాసుకునే అడంగల్ ఉంటుంది చూడండి, తెలంగాణలో పహాణీ అంటారు, సరిగ్గా అలాంటిదే. కంప్యూటర్ వాళ్లు దాన్ని ఫైల్ ఎలొకేషన్ టేబుల్ అన్నారు. పొట్టిగా ఫ్యాట్. పేరు చూసి నవ్వకండి, దాని మీద ప్రపంచమంతా ఏళ్ల తరబడి నడిచింది. పెన్‌డ్రైవుల్లో ఇప్పటికీ నడుస్తోంది.

ఇక పొలంలో ఒకచోట చౌడు తేలిందనుకోండి. అక్కడ ఏం వేసినా మొలవదు. తెలివైన రైతు ఏం చేస్తాడు? మిగతా పొలమంతా దున్నుకుంటూ ఆ చోటు వదిలేస్తాడు. అడంగల్‌లో ఆ తుండు సాగుకు పనికిరాదని రాసి ఉంటుంది. డిస్క్‌లోనూ అంతే. రాసింది తిరిగి చదవలేని సెక్టారు దొరికితే, ఫ్యాట్‌లో ఆ గడికి ఎదురుగా ఒక ప్రత్యేకమైన అంకె వేస్తారు. పదహారు బిట్ల ఫ్యాట్‌లో ఆ అంకె ఎఫ్ఎఫ్ఎఫ్7. అది కనిపిస్తే చాలు, కొత్త ఫైల్ ఏదీ ఆ చోటు తొక్కదు.

ఇందులో ఒక చిక్కుంది. అడంగల్‌లో మడి మడికీ వేరే గడి ఉండదు. కొన్ని మడులు కలిపి ఒక కమతం. దాన్ని క్లస్టర్ అంటారు. 2 గిగాబైట్ల పాత డిస్కుల్లో ఒక్కో క్లస్టర్‌లో 64 సెక్టార్లుండేవి. అందులో ఒక్కటి చెడితే పక్కనున్న 63 మంచివి కూడా దాంతోపాటే వెలి! అన్యాయమే. కానీ ఆ నేల మీద నమ్మకం పోయాక పక్క మడులను మాత్రం ఎలా నమ్ముతాం?

విండోస్‌లో తర్వాత వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతి చూస్తే నాకు నవ్వొస్తుంది. అందులో బ్యాడ్‌క్లస్ అనే రహస్య ఫైల్ ఒకటుంటుంది. పాడైన మడులన్నీ దాని పేరున రాసేస్తారు. అచ్చం బినామీ ఆస్తి! ఆ చోటు ఖాళీ లేదు, ఫలానా ఫైలుదే అని రికార్డు చెబుతుంది కాబట్టి ఇంకెవరూ అటు పోరు. లైనక్స్‌లో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. అక్కడ ఫైళ్ల జాబితాలో మొట్టమొదటి నంబరు పాడైన చోట్లకే కేటాయించి పెట్టారు.

ఫ్లాపీల రోజుల్లో...

ఈ చౌడు మడుల సంగతి నాకు పుస్తకాలు నేర్పలేదు, ఫ్లాపీలు నేర్పాయి. పెళ్లి శుభలేఖ కంపోజు చేసి, ఫ్లాపీలో వేసి ప్రెస్సుకు పంపిస్తే అక్కడ తెరుచుకునేది కాదు. ముహూర్తం దగ్గరపడుతుంటే పెళ్లివారు మన ఇంటి అరుగు మీద! అందుకే ఎప్పుడూ రెండు ఫ్లాపీలు పంపేదాన్ని. మూడున్నర అంగుళాల ఫ్లాపీలో మొత్తం 2880 సెక్టార్లు. దుమ్ము పడినా, స్పీకర్ పక్కన పెట్టినా, ఎండలో స్కూటర్ డిక్కీలో ఉంచినా ఒకటో రెండో ఎగిరిపోయేవి. ఫార్మాట్ కొడితే ఇన్ని బైట్లు పాడైన సెక్టార్లలో ఉన్నాయని చివర్లో లెక్క చెప్పేది. ఉన్నది కాస్త తగ్గినా మిగతాది వాడుకునేవాళ్లం. కానీ సున్నా ట్రాక్ చెడిందంటే మాత్రం ఇక ఆ ఫ్లాపీ పారేయడమే. ఎందుకో తెలుసా? అడంగల్ పుస్తకం మొదలయ్యేదే అక్కడ! ఏ మడి చెడిందో రాసుకునే కాగితానికే చెదలు పడితే ఇంకెక్కడ రాస్తాం?

సరైన ప్రోగ్రాములు లేని వాళ్లు ఒక నాటు పద్ధతి పాటించేవారు. తెరుచుకోని ఫైల్‌ను చెరిపేయకుండా దానికి ‘బ్యాడ్’ అని పేరు మార్చి అక్కడే ఉంచేయడం. చెరిపితే ఆ చోటు ఖాళీ అయి రేపు ఇంకో మంచి ఫైల్ అక్కడికే వెళ్లి చస్తుంది కదా! చెడ్డ కుర్చీ మీద పాత సంచీ పెట్టి ఎవరినీ కూర్చోనీయకుండా చూస్తామే, అలాగన్నమాట.

1993లో ఎంఎస్-డాస్ 6.2తో స్కాన్‌డిస్క్ వచ్చింది. అప్పటి వాళ్లకి గుర్తుండే ఉంటుంది. తెర నిండా చిన్న చిన్న గళ్లు పరిచి ఒక్కోటీ పరీక్షించుకుంటూ పోయేది. ఎక్కడైనా ‘బి’ అక్షరం పడితే గుండె జారేది. నేనైతే వంటింట్లో పోపు వేస్తూ మధ్య మధ్య వచ్చి ‘బి’లు లెక్కపెట్టుకునేదాన్ని.

అన్ని ‘బి’లూ ఒకేచోట గుంపుగా ఉంటే ఇంకో ఉపాయం చేసేవాళ్లం. డిస్క్‌ను భాగాలుగా విడగొట్టేటప్పుడు ఆ చెడిన ముక్కను ఏ భాగంలోకీ రాకుండా మధ్యలో బీడుగా వదిలేయడం. హార్డ్‌డిస్క్ కొనాలంటే బంగారం కొన్నంత ఆలోచించే రోజులవి. కష్టపడి చేసేవాళ్లం.

1980ల నాటి డిస్కుల్లో అయితే ఇంకా తమాషా. కంపెనీ వాళ్లే పైన ఒక చీటీ అంటించి పంపేవారు, ఈ డిస్క్‌లో ఫలానా ఫలానా చోట్లు చెడ్డవి అని! మొదటిసారి సిద్ధం చేసేటప్పుడు ఆ చీటీ చూసి అంకెలు చేత్తో కొట్టాల్సిందే. అలాంటి చీటీ ఉన్న డిస్క్ ఒకటి నా దగ్గర ఇప్పటికీ ఉంది. దాచిపెట్టి అమ్మకుండా ఉన్న లోపం ఉన్నట్టు చెప్పిన ఆ పద్ధతి నాకెంతో నచ్చుతుంది.

ఇప్పటి డిస్క్ గుట్టు

ఇప్పుడు చీటీలు లేవు. అంటే చెడ్డ మడులు లేవని కాదు! డిస్క్ తన లోపల తనే సర్దుకుంటోంది. ప్రతి డిస్క్‌లోనూ మనకి లెక్కలో చూపించని కొన్ని అదనపు మడులు అట్టే పెట్టి ఉంచుతారు. ఏదైనా మడి చెడితే దాని నంబరును ఈ కొత్త మడికి తగిలిస్తుంది. విండోస్‌కి కూడా ఈ మార్పు తెలియదు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఒక సెక్టారు చదవడం కుదరకపోతే డిస్క్ దాన్ని వెంటనే మార్చదు. ఎలా మారుస్తుంది? అందులో ఏముందో తనకే తెలియదు కదా! మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మీరు ఫోల్డర్ తెరిస్తే నిమిషాల తరబడి గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయేది అందుకే. ఎంతకీ కుదరకపోతే ‘అనుమానం’ జాబితాలో రాసుకుంటుంది. ఎప్పుడైనా ఆ చోట కొత్తగా ఏదైనా రాయాల్సి వస్తే, నేల పనికిరాదని తేలితే, అప్పుడు మాత్రం అదనపు మడిని తెచ్చి పెడుతుంది. పాత పంట పోయినట్టే.

ఒక్కోసారి నేల బాగానే ఉంటుంది, లెక్కే తప్పుతుంది. ప్రతి సెక్టారు వెంట సరిచూసుకునే అంకెలు కొన్ని రాసి ఉంటాయి, చిట్టా కింద మొత్తం వేసినట్టు. రాస్తూ ఉండగా కరెంటు పోయిందనుకోండి, చిట్టాకీ మొత్తానికీ పొంతన కుదరదు. చదవలేనంటుంది. అక్కడ మళ్లీ రాస్తే మామూలే. మన కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి యూపీఎస్ ఖర్చును ఖర్చనుకోకండి.

అసలు చౌడు ఎందుకొస్తుందంటే, పళ్లెం మీద సమాచారం చదివే ముల్లు పళ్లేన్ని తాకకుండా, గాలి పొర మీద తేలుతూ ఉంటుంది. ఆ సందు ఎంతంటే, మన తల వెంట్రుక దాని ముందు కొండంత! పోర్టబుల్ డిస్క్ తిరుగుతుండగా వైరు లాగి కింద పడేస్తే ముల్లు వెళ్లి పళ్లేన్ని గీరుతుంది. గీరిన పొట్టు లోపలే తిరుగుతూ ఇంకోచోట గీరుతుంది. అందుకే చౌడు ఒకచోట ఆగదు. ఆవకాయ జాడీలో ఒక మూల బూజు కనిపిస్తే తీసి పారేసి మిగతాది వాడుకుంటాం. వారానికే ఇంకో మూల కనిపిస్తే? జాడీనే అనుమానించాలి.

ఇది నా ఊహ కాదు. గూగుల్ ఇంజినీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో లెక్కలు ప్రకటించారు. ఇలా మొదటిసారి మడి మార్చుకున్న డిస్క్, ఏ మార్పూ లేని డిస్క్ కంటే రాబోయే 60 రోజుల్లో పోయే అవకాశం 14 రెట్లకు పైగా ఎక్కువ. పరీక్షలో మొదటి పాడైన చోటు బయటపడితే 39 రెట్లు! మా డిస్క్‌లో ఒక్కటీ లేదుగా అని మురిసిపోవడానికీ వీల్లేదు. పోయిన డిస్కుల్లో సగానికి పైగా ఇలాంటి ముఖ్యమైన హెచ్చరికలేవీ ఇవ్వకుండానే పోయాయట.

పచ్చళ్ల పిన్నిగారి డిస్క్

మా వెనక వీధిలో ఒక పిన్నిగారున్నారు. పచ్చళ్లు పెట్టి హైదరాబాద్‌కీ, బెంగళూరుకీ, అమెరికాకీ పంపిస్తారు. ఎవరికి ఏ పచ్చడి, కారం ఎంత, వెల్లుల్లి వేయాలా వద్దా, పాత బాకీ ఎంత... పదకొండేళ్ల లెక్కలు, చిరునామాలు కంప్యూటర్‌లోనే. 2022 వేసవిలో ఒకరోజు ఫోన్ చేశారు.

“అమ్మాయ్, ఇది టక్ టక్ మంటోంది. తెరిచిన ఫైల్ తెరుచుకోదు. అబ్బాయితో మాట్లాడితే ఏదో చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కొట్టమన్నాడు. నాకు చేతకావడం లేదు, కాస్త వచ్చి కొట్టిపోమ్మా” అన్నారు.

“పిన్నిగారూ, ఏమీ కొట్టకండి. ముందు దాన్ని ఆపేయండి. నేనొస్తున్నా” అన్నాను.

ఆ అబ్బాయి చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. సి-హెచ్-కె-డి-ఎస్-కె అని టైపు చేసి, డ్రైవు అక్షరం వేసి, పక్కన స్లాష్ ఆర్ పెడితే విండోస్ డిస్క్ మొత్తం గాలిస్తుంది. చదవలేని చోట్లను వేరుచేసి ఇందాక చెప్పిన బినామీ ఫైలుకు రాసేస్తుంది. స్లాష్ ఎఫ్ పెడితే లెక్కల పుస్తకంలో తప్పులే దిద్దుతుంది. స్లాష్ ఆర్ అయితే ఆ రెండు పనులూ. మంచి పనే. కానీ ఎప్పుడు చేయాలి? సరుకంతా బయటికి తెచ్చుకున్నాక!

అసలే కొన ఊపిరితో ఉన్న డిస్క్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు గంటల తరబడి గాలిస్తే మధ్యలోనే ప్రాణం పోవచ్చు. పోకపోయినా, గాలిస్తూ గాలిస్తూ అది ఒక సందేశం చూపిస్తుంది, ఫలానా ఫైల్‌లో పాడైన క్లస్టర్లను మార్చాం అని. చదివినవాళ్లకి ప్రాణం లేచొస్తుంది. మార్చింది నేలను! అందులో రాసినదాన్ని కాదు. చదవగలిగినంత తెచ్చి కొత్త మడిలో పోస్తుంది, చదవలేనిచోట ఖాళీ వదిలేస్తుంది. జాబితాలో ఫైల్ పేరు ఉంటుంది, సైజూ సరిగ్గానే ఉంటుంది, లోపల మాత్రం చిల్లు. ఫొటోలో పై నుంచి కిందికి వరుసగా విప్పుకుంటూ వస్తుంది కాబట్టి ఒక్కచోట తెగితే చాలు, అల్లికలో కుట్టు జారినట్టు అక్కడి నుంచి కిందంతా పోతుంది. ఆ బూడిదరంగు కథ ఇదే.

పిన్నిగారి డిస్క్‌ను విప్పి తెచ్చి, నా దగ్గరున్న ఇంకో కంప్యూటర్‌కి తగిలించాను. డీడీరెస్క్యూ అని లైనక్స్‌లో ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. దాని పద్ధతి మన ఇంటి పెద్దవాళ్ల పద్ధతే. ఇల్లు అంటుకుంటే ముందు చేతికందినవన్నీ బయట పడేసి, ఆ తర్వాత కష్టమైన వాటి జోలికి వెళ్లడం. మొదట బాగున్న మడులన్నీ గబగబా కొత్త డిస్క్‌లోకి దింపేస్తుంది. మొరాయించిన చోట ఆగకుండా గంతేసి, ఎక్కడ గంతేసిందో పటంలో గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత తీరిగ్గా వెనక్కి వచ్చి ఆ చోట్లను అంచుల నుంచి కొద్దికొద్దిగా తొలుచుకుంటూ వస్తుంది. పాత డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా రాయదు.

మొదటి విడత ఆ రాత్రే అయిపోయింది. నూటికి తొంభైతొమ్మిది పాళ్లు వచ్చేసింది. మిగిలిన ఆ కాస్తకే ఇంకో రెండు రాత్రులు పట్టింది. మధ్యలో డిస్క్ వేడెక్కితే ఆపి, టేబుల్ ఫ్యాన్ పెట్టి, మళ్లీ మొదలుపెట్టాను. పటం ఉంది కనుక ఎక్కడ ఆపామో అక్కడి నుంచే అందుకుంటుంది.

మూడోరోజు పిన్నిగారు వచ్చి కూర్చున్నారు. చిరునామాలన్నీ ఉన్నాయి. బాకీలూ ఉన్నాయి. 2018 వేసవి ఆర్డర్ల ఫైల్ మాత్రం తెరుచుకోలేదు. “పోతే పోయింది లేమ్మా, ఆ ఏడు కాయే బాగాలేదు” అన్నారు. ఇంకేమైనా చూడాలా అని నేనే ఫోల్డర్లు ఒక్కొక్కటీ తెరుస్తుంటే బాబాయిగారి షష్టిపూర్తి వీడియో వచ్చింది. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆ వీడియో ఈ డిస్క్‌లో ఉందన్న సంగతే ఆవిడకు గుర్తులేదు. మధ్యలో ఒకచోట బొమ్మ చతురస్రాలుగా చెదిరి, మాట తెగి, కొన్ని క్షణాలకి మళ్లీ కలిసింది. ఆయన మైకు పట్టుకుని ఎవరినో భోజనానికి లేవమని కేకలేస్తున్నారు. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. వీడియో అయ్యేదాకా చూసి, “దీన్ని ఇంకోచోట కూడా పెట్టమ్మా” అన్నారు. అప్పటికే పెట్టాను.

మీ ఇంట్లో ఏం చేయాలి?

డిస్క్ నెమ్మదించినా, ఫైల్ కాపీ అవుతూ మధ్యలో ఆగినా, ముందు చేయాల్సింది పోతే మళ్లీ దొరకనివి ఇంకో డిస్క్‌లోకి తీసుకోవడం. సినిమాలు, పాటలు తర్వాత. పిల్లల ఫొటోలు, లెక్కలు, సర్టిఫికెట్ల కాపీలు ముందు. రిపేరుకి ఇచ్చేటప్పుడు “బాగుచేయండి” అనకండి. “ముందు లోపలివి కాపీ తీసి, ఆ తర్వాత ఏమైనా చేయండి” అని చెప్పండి. కావాలంటే కాగితం మీద రాసి అంటించండి. టక్ టక్ మని పదేపదే కొట్టుకుంటున్నా, తిరగడమే మానేసినా ఇంట్లో ఏ ప్రయోగమూ వద్దు. దానికి పెద్ద ఊళ్లలో ధూళి లేని గదుల్లో డిస్క్ విప్పే నిపుణులున్నారు. ఖర్చు బాగానే అవుతుంది. అంత విలువైనవా కాదా అన్నది మీరే తేల్చుకోవాలి. డిస్క్‌ను డీప్‌ఫ్రీజర్‌లో పెడితే బతుకుతుందని చెప్పేవాళ్లున్నారు. పెట్టకండి తల్లీ! బయటికి తీయగానే తేమ పడుతుంది, ఉన్నదీ పోతుంది.

డిస్క్ ఆరోగ్యం ఎలా ఉందో చూడాలంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. నీలం రంగు చూపిస్తే ఫర్వాలేదు, పసుపు చూపిస్తే జాగ్రత్త పడాలి, ఎరుపు చూపిస్తే ఆ పూటే కాపీ తీసుకోవాలి. మార్చుకున్న మడులెన్ని, అనుమానం జాబితాలో ఉన్నవెన్ని అనే రెండు వరుసలు అందులో ముఖ్యం. అంకె ఉంటే నెలకోసారి రాసి పెట్టుకోండి. అలాగే ఉంటే సరే. పెరుగుతుంటే ఆ డిస్క్‌కు సెలవివ్వండి. సినిమాలు చూసుకోవడానికి వాడుకోవచ్చేమో గానీ, ఫొటోలు పెట్టడానికి మాత్రం వద్దు.

పెన్‌డ్రైవులు, మెమరీ కార్డులు, ఎస్ఎస్‌డీల సంగతి వేరు. వాటిలో తిరిగే పళ్లెం లేదు. ఆ చిప్పులు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే కొన్ని చెడ్డ గళ్లతో వస్తాయి, లోపలున్న చిన్న మెదడు వాటిని పక్కన పెట్టుకుని నడిపిస్తుంది. పోయినప్పుడు టక్ టక్ లేదు, నెమ్మదించడం లేదు, చాలాసార్లు ఒక్కసారిగా పోతాయి. వాటి మీద భరోసా పెట్టి ఒకే కాపీ ఉంచుకోవద్దు.

కొత్త డిస్క్‌లోకి పాతదాన్ని ఉన్నదున్నట్టు దింపినప్పుడు ఒక తమాషా జరుగుతుంది. లెక్కల పుస్తకం కూడా దాంతోపాటే వస్తుంది కదా! కొత్త పొలంలో ఏ చౌడూ లేకపోయినా పాత అడంగల్ ప్రకారం ఆ చోట్లన్నీ బీడుగానే రాసి ఉంటాయి. అప్పుడు చెక్‌డిస్క్‌కి స్లాష్ బి పెట్టి నడిపించాలి. పాత గుర్తులు తీసేసి ఒక్కో చోటూ మళ్లీ పరీక్షిస్తుంది. పిన్నిగారి కొత్త డిస్క్‌కీ అలాగే చేశాను. ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కులకే ఇది పనిచేస్తుంది.

ఇక పాత డిస్క్‌ను ఏం చేయాలి? పాత సామాన్లవాడికి అలాగే వేయకండి. గిరి గీసి వదిలేసిన మడుల్లో మీ సమాచారం ముక్కలు ఇంకా అలాగే ఉంటాయి. ఫార్మాట్ కొట్టినా అటు పోదు కదా, వెలివేసిన చోటాయె! బ్యాంకు కాగితాలూ, ఆధార్ కాపీలూ ఉన్న డిస్క్ అయితే నేను మూత విప్పి పళ్లేలు బయటికి తీసేస్తాను. నక్షత్రం ఆకారపు చిన్న స్క్రూడ్రైవర్ కావాలి. పెద్ద డిస్కుల పళ్లేలు ఎక్కువగా అల్యూమినియం, మేకుతో గీతలు పెడితే చాలు. ల్యాప్‌టాప్, పోర్టబుల్ డిస్కుల్లో చాలావాటికి గాజు పళ్లేలుంటాయి, సుత్తితో కొడితే పెంకులై ఎగురుతాయి. పాత తువ్వాల్లో గట్టిగా చుట్టి కొట్టండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి. లోపల రెండు అయస్కాంతాలు దొరుకుతాయి. చాలా బలమైనవి, వేళ్లు మధ్యలో పడితే నలుగుతాయి. నేను మాత్రం ఒకటి కుట్టుమిషను కాలికి అతికించి ఉంచాను. కింద పడిన సూదులన్నీ అదే ఏరిపెడుతోంది.